ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్ లేవలేదు: ఒక ఇన్వర్టర్ కేస్ స్టడీ

ఈ కేసులో మనుషులను, ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. సర్క్యూట్, కొలతలు, నేను చేసిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. ఇన్వర్టర్ తయారీ నేర్చుకునే కుర్రాళ్లు ఎక్కువగా ఆగిపోయే చోట్లు మూడు నాలుగు ఈ ఒక్క కేసులోనే ఎదురయ్యాయి.

నేపథ్యం

ఏజెన్సీ ప్రాంతంలో ఒక మెడికల్ షాపు. చుట్టుపక్కల ఊళ్లకు ఇన్సులిన్ దొరికేది అక్కడే. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉంచాలి. వేడెక్కినా పాడైపోతుంది, గడ్డకట్టినా పాడైపోతుంది. గాలివాన వస్తే ఆ లైన్లో కరెంటు పోయి, రావడానికి ఐదారు గంటలు పడుతుంది. షాపాయన దగ్గర్లోని టౌన్లో ఒక కుర్రాడితో మొదట 12 వోల్టుల ఇన్వర్టర్ చేయించుకున్నాడు. దాని మీద ఫ్యాను, రెండు లైట్లు బాగానే నడిచాయి. తర్వాత సింగిల్ డోర్ ఫ్రిజ్ కూడా నడవాలని రెండో బ్యాటరీ కలిపి 24 వోల్టులకు మార్పించాడు. కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

నా దగ్గరికి వచ్చిన పెట్టెలో ఉన్నది మన దగ్గర అందరూ చేసే డిజైనే. పల్స్‌లు పుట్టించే ఎస్‌జీ3525 చిప్, సెంటర్ ట్యాప్ (చుట్ల మధ్యలోంచి తీసిన వైరు) ఉన్న 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్, ఒక్కో వైపు ఐదేసి ఐఆర్‌ఎఫ్3205 ఫెట్లు, అంటే బ్యాటరీ కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు. రెండు వైపులూ వంతులవారీగా ఆన్ అయ్యే పుష్‌పుల్ సర్క్యూట్, స్క్వేర్ వేవ్ అవుట్‌పుట్.

వచ్చిన సమస్య

షాపాయన చెప్పింది నోట్‌బుక్‌లో ఆయన మాటల్లోనే రాసుకున్నాను. "బ్యాటరీ ఫుల్లుగా ఉంటే ఫెట్లు పేలుతున్నాయి. సగం ఉంటే ఫెట్లు బాగానే ఉంటున్నాయి గానీ ఫ్రిజ్ టక్, టక్ అంటుందే తప్ప లేవడం లేదు."

ఈ రెండు వాక్యాల్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. వాటిని ఒకటే అనుకోవడం వల్లే ఆ కుర్రాడు ఫెట్లు పెంచుకుంటూ పోయాడు. ఫోన్ చేస్తే, "అన్నా, ఒక్కోటి 110 ఆంపియర్లు. ఐదు వేశాను, ఇంకెంత కావాలి?" అన్నాడు. డేటాషీట్ మొదటి పేజీలో 110 అనే అంకె పెద్దగా కనిపిస్తుంది. దాని పక్కనే 55 వోల్టులు అని కూడా ఉంటుంది. ఈ కేసులో చూడాల్సింది ఆ రెండో అంకె.

పుష్‌పుల్‌లో ఒక వైపు ఫెట్ ఆన్ అయినప్పుడు ఆఫ్‌లో ఉన్న రెండో వైపు ఫెట్ డ్రెయిన్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపే పిన్ను) మీద బ్యాటరీ వోల్టేజీకి రెట్టింపు పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ రెండో సగం చుట్లలో కూడా అంతే వోల్టేజీ పుట్టి బ్యాటరీతో కలుస్తుంది మరి. 12 వోల్టుల బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో 14 అనుకుంటే రెట్టింపు 28, కాబట్టి 55 వోల్టుల ఫెట్‌కు బోలెడు తెరిపి ఉంది. 24 చేశాక చార్జర్ నుంచి అప్పుడే వచ్చిన బ్యాటరీలు 27 చూపిస్తాయి. రెట్టింపు 54. దాని మీద లీకేజ్ ఇండక్టెన్స్ వల్ల వచ్చే స్పైక్ అదనం. ఆసిలోస్కోప్ (స్కోప్) పెట్టి చూస్తే ప్రతి స్విచింగ్ దగ్గరా సూదిలా ఒక గీత లేచి 60 దాటుతోంది. ఫెట్లు పేలడంలో వింతేమీ లేదు, ఒక రోజంతా నిలబడటమే ఎక్కువ.

మొదటి ప్రయత్నం

ఐఆర్‌ఎఫ్3205లు తీసేసి 100 వోల్టుల ఐఆర్‌ఎఫ్‌బీ4110 ఫెట్లు వేశాను. డ్రెయిన్ల మధ్య రెసిస్టర్, కెపాసిటర్‌తో స్పైక్‌ను అణిచే స్నబ్బర్ పెట్టాను. ఒక్కో గేటుకు (ఫెట్‌ను ఆన్, ఆఫ్ చేసే పిన్ను) విడిగా రెసిస్టర్ ఇచ్చాను, ఎందుకంటే ఐదు గేట్లూ ఒకే రెసిస్టర్ మీద వేలాడుతున్నాయి. పేలుడు ఆగిపోయింది. ఫ్రిజ్ మాత్రం అదే టక్, టక్.

పుష్‌పుల్‌నే ఉంచడానికి కారణం ఉంది. ముందు జబ్బులు రెండని రుజువు కావాలి. డిజైన్ మొత్తం ఒకేసారి మార్చేస్తే ఏది దేని వల్ల బాగుపడిందో తెలియదు.

మీటర్ చెప్పిన 230

కుర్రాడు అవుట్‌పుట్‌ను సరిగ్గా 230కి సెట్ చేశాడు. నా మామూలు మీటర్ కూడా 230 అంది. వేవ్ ఆకారం ఏదైనా అసలు ఆర్‌ఎంఎస్ (ఏసీ బలాన్ని చెప్పే వోల్టేజీ) చూపించే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్ పెడితే 207.

మామూలు మల్టీమీటర్ ఏసీని సరిదిద్ది సగటు తీసుకుని, వచ్చింది సైన్ వేవే అనుకుని 1.11తో గుణించి చూపిస్తుంది. సైన్‌కు ఆ లెక్క సరిపోతుంది. స్క్వేర్ వేవ్‌లో సగటు, ఆర్‌ఎంఎస్ రెండూ ఒకటే కాబట్టి మీటర్ 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. 207ని 1.11తో గుణిస్తే 230.

దెబ్బ అక్కడితో ఆగలేదు. మోటారును తిప్పేది స్క్వేర్ వేవ్ మొత్తం కాదు, అందులోని 50 హెర్ట్జ్ భాగం. స్క్వేర్ వేవ్‌లో అది ఆర్‌ఎంఎస్‌కు 0.9 వంతు. 207లో 186 వోల్టులు. మిగతాది 150, 250 హెర్ట్జ్ లాంటి హార్మోనిక్స్, అంటే 50కి మూడు, ఐదు రెట్ల వేగంతో ఊగే భాగాలు. అవి మోటారును వేడెక్కిస్తాయి, ఫ్యానులో గుంయ్‌మనే మోత పుట్టిస్తాయి, అంతే. మోటారు స్టార్టింగ్ టార్క్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 186ని 230తో భాగించి వర్గం చేస్తే 0.65. అంటే కంప్రెసర్‌కు అందేది మూడింట రెండు వంతుల బలమే. అది కూడా లోడ్ పడనప్పటి లెక్క. కంప్రెసర్ లేవబోయే క్షణంలో అవుట్‌పుట్ 170కి పడిపోతోంది. అప్పుడు అదే లెక్కతో 44 శాతం. సీలింగ్ ఫ్యానుకు ఇది చాలు, మెల్లగానైనా అందుకుంటుంది. గ్యాస్ ఒత్తిడికి ఎదురు తిరగాల్సిన కంప్రెసర్‌కు చాలదు. అది తిరగక ఎక్కువ కరెంటు లాగుతుంది, ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ వేడెక్కి విడిపోతుంది. షాపాయన విన్న టక్ అదే.

ఆ పడిపోవడంలో కేబుల్ వాటా కూడా ఉంది. బ్యాటరీ నుంచి పెట్టెకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, పోను రెండున్నర మీటర్లు, రాను రెండున్నర. దాని రెసిస్టెన్స్ సుమారు 21 మిల్లీఓమ్‌లు. స్టార్టింగ్‌లో 60 ఆంపియర్లు పారితే 1.3 వోల్టులు వైరులోనే పోతాయి. 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేసి, బ్యాటరీలను పెట్టె పక్కకే జరిపాను. డిజైన్ ఏదైనా ఈ మార్పు ఎలాగూ చేయాల్సిందే.

మాడిఫైడ్ సైన్

ఎస్‌జీ3525లో పల్స్ వెడల్పు తగ్గించే వీలుంది కదా, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎక్కువ రేషియో పెట్టి మాడిఫైడ్ సైన్ (పల్స్‌ల మధ్య ఖాళీ వదిలిన స్క్వేర్ వేవ్) చేస్తే సరిపోతుందేమో అనుకున్నాను. ఒక్కో అర సైకిల్‌లో 120 డిగ్రీలు మాత్రమే ఆన్‌లో ఉంచితే మూడో హార్మోనిక్ పూర్తిగా పోతుంది. బెంచ్ మీద వేరే ట్రాన్స్‌ఫార్మర్‌తో చూశాను. కంప్రెసర్ పదిసార్లలో ఆరుసార్లు లేచింది. మందులు నిల్వ ఉంచే ఫ్రిజ్‌కు పదిలో ఆరు పనికిరాదు. పైగా అరగంటకు కంప్రెసర్ మీద చేయి పెట్టలేనంత వేడి. ఈ దారి వదిలేశాను.

ఇక్కడ షాపాయనతో కూర్చుని మాట్లాడాను. తయారైన సైన్ వేవ్ ఇన్వర్టర్ కొనుక్కోవడం సులువని చెప్పాను. ఆయన అప్పటికే రెండు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలకు, రెండుసార్లు పెట్టె తయారీకి డబ్బు పెట్టాడు. "ఇంకో నెల టైమ్ తీసుకోండి సార్, ఇదే బాగుచేయండి" అన్నాడు. ఈలోగా ఫ్రిజ్ ఖాళీల నిండా నీళ్ల సీసాలు సర్దమన్నాను. చల్లబడిన నీళ్లు కరెంటు పోయాక ఉష్ణోగ్రత చప్పున పెరగకుండా పట్టి ఉంచుతాయి. ఇన్సులిన్ పెట్టెలను ఫ్రీజర్ కిందనే ఉండే అరలోంచి తీసి మధ్య అరలోకి మార్పించాను.

సైన్ వేవ్ వైపు

రెండు దారులు. మొదటిది ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌తో 24ను 380 వోల్టుల డీసీగా పెంచి, దాన్ని హెచ్ బ్రిడ్జితో (నాలుగు స్థానాల్లో ఫెట్లున్న సర్క్యూట్, ఫుల్ బ్రిడ్జి అన్నా ఇదే) సైన్‌గా కోయడం. తేలికైన పెట్టె, తక్కువ ఖర్చు. రెండోది 24 వోల్టులనే ఫుల్ బ్రిడ్జితో సైన్ పీడబ్ల్యూఎంగా (సైన్‌ను బట్టి వెడల్పు మారే పల్స్‌లుగా) కోసి, ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచడం. నేను రెండోదే ఎంచుకున్నాను. కంప్రెసర్ లేచే అర సెకను పాటు ఆరేడు రెట్ల కరెంటు పోయినా ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుంది. రేపు ఏదైనా చెడితే, ఆ కుర్రాడు 380 వోల్టుల డీసీ కెపాసిటర్ మీద చేయి పెట్టే పరిస్థితి రాకూడదని కూడా అనుకున్నాను.

కంట్రోల్‌కు ఈజీ8010 చిప్, ఫెట్ల గేట్లను ఆడించడానికి ఐఆర్2110 చిప్‌లు వాడి సొంత కార్డు వేశాను. ఫెట్లుగా మళ్లీ ఐఆర్‌ఎఫ్3205లే, బ్రిడ్జిలో ఒక్కో స్థానానికి మూడు. పేలిన రకాన్నే మళ్లీ ఎందుకు వేశారని కుర్రాడు అడిగాడు. ఫుల్ బ్రిడ్జిలో ఒక్కో ఫెట్ మీద పడేది బ్యాటరీ వోల్టేజీ మాత్రమే, రెట్టింపు కాదు. 29 వోల్టులకు 55 చాలు. సర్క్యూట్ మారితే అదే ఫెట్ సరిపోతుంది.

మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు బ్యాటరీకి సిరీస్‌లో లారీ హెడ్‌లైట్ బల్బు పెట్టాను. బ్రిడ్జిలో పైదీ కిందదీ ఒకేసారి ఆన్ అయితే బల్బు భగ్గున వెలుగుతుంది, ఫెట్లు బతుకుతాయి. 24 వోల్టుల పని చేసే ప్రతివాడి బెంచ్ మీదా ఈ బల్బు ఒకటి ఉండాలి. గేటు వైర్లు జానెడు పొడవు ఉంచినందుకు నాకు ఒకసారి వెలిగింది. వాటిని కత్తిరించి, మెలి తిప్పి, కార్డును హీట్‌సింక్ దగ్గరికి జరిపాక ఆరిపోయింది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నా తప్పు

తొందరలో పాత ట్రాన్స్‌ఫార్మర్‌నే, ఒక సగం 24 వోల్టుల చుట్లను వాడి కలిపాను. 24 వోల్టుల బ్యాటరీ, 24 వోల్టుల వైండింగ్, చూడటానికి సరిగ్గానే ఉంది. అవుట్‌పుట్ 163 వోల్టులు. చిప్ తక్కువ వోల్టేజీ అని ఎల్‌ఈడీ మెరిపించి ఆగిపోయింది. అవుట్‌పుట్ సరిచేసే ఫీడ్‌బ్యాక్ ప్రీసెట్ ఎంత తిప్పినా లాభం లేకపోయింది.

కారణం చిన్నదే. 24-0-24 లెక్క స్క్వేర్ వేవ్‌ది. అక్కడ పీక్, ఆర్‌ఎంఎస్ ఒకటే. సైన్‌లో బ్యాటరీ వోల్టేజీ పీక్ అవుతుంది, ఆర్‌ఎంఎస్ అందులో 0.707 వంతు. 25 వోల్టుల బ్యాటరీ నుంచి ఎంత పిండినా 17.7 మించదు. నష్టాలు పోను 17 అనుకుంటే, 24కు 230 ఇచ్చే చుట్లలో 17కు 163 వస్తుంది.

కొత్త వైండింగ్‌ను ఫుల్ బ్యాటరీకి లెక్కవేయకూడదు, అది అట్టడుగున ఉన్నప్పటికి వేయాలి. ఇన్వర్టర్ ఆగిపోయే కటాఫ్ 21 వోల్టులు. ఫెట్లు, చోక్, కేబుల్‌లో లోడ్ మీద ఒకటిన్నర పోతే 19.5. దాన్ని 0.707తో గుణిస్తే 13.8. ట్రాన్స్‌ఫార్మర్‌లో పడిపోయేదానికి కొంచెం వదిలి 13 వోల్టుల దగ్గర నిలిచాను. బ్యాటరీ ఫుల్లుగా ఉన్నప్పుడు చిప్ తనంతట తానే పల్స్ తగ్గించుకుంటుంది. కిందికి దించుకునే వీలు ఎప్పుడూ ఉంటుంది, లేని వోల్టేజీని పైకి తెచ్చే వీలు ఉండదు.

వైండింగ్ షాపు పెద్దాయన 13 అంటే నమ్మలేదు. "24 బ్యాటరీకి 13 ఏంటి బాబూ, తప్పు రాశావు" అని కాగితం తిప్పి ఇచ్చేశాడు. బల్ల మీద సైన్ గీసి, పీక్ దగ్గర 24 అని రాసి చూపించాక ఒప్పుకున్నాడు. ఆయన చెప్పిన ఒక మాట నాకు తట్టనిది. పాత ప్రైమరీలో 48 వోల్టుల చుట్లున్నాయి, కొత్తదానికి 13 వోల్టులవి చాలు. అంటే అదే బాబిన్‌లో మూడు రెట్లకు మించి లావు రాగి పడుతుంది. పుష్‌పుల్‌లో ఎప్పుడూ సగం రాగి ఊరికే కూర్చుని ఉంటుంది. ఆయన ఆరు వైర్లు కలిపి ఒకటిగా చుట్టి, అదే స్టాంపింగ్‌లతో అదే ట్రాన్స్‌ఫార్మర్‌ను మళ్లీ బిగించాడు.

పల్స్‌లను నున్నటి సైన్‌గా మార్చే ఫిల్టర్ గురించి ఒక్క మాట. సెకండరీ మీద 2.2 మైక్రోఫారడ్ ఏసీ కెపాసిటర్, ప్రైమరీ వైపు చోక్ (కాయిల్). ట్రాన్స్‌ఫార్మర్ లీకేజ్‌తో కలిపి 60 మైక్రోహెన్రీలు. సెకండరీలోని కెపాసిటర్ ప్రైమరీ వైపు నుంచి చూస్తే చుట్ల నిష్పత్తి వర్గమంత పెరిగి కనిపిస్తుంది. ఇక్కడ 313 రెట్లు, అంటే సుమారు 690 మైక్రోఫారడ్లు. రెజొనెన్స్ 780 హెర్ట్జ్ దగ్గర పడింది. 50కి చాలా పైన, పల్స్‌లు కోసే 23.4 కిలోహెర్ట్జ్ క్యారియర్‌కు చాలా కింద.

వాలుగా దిగిన గేటు

ఇప్పుడు 230 వచ్చింది, స్కోప్ మీద చక్కటి సైన్. 200 వాట్ల బల్బుల లోడ్‌తో పది నిమిషాలు నడిపితే బ్రిడ్జిలో ఒక కాలు (పై, కింది ఫెట్ల జత) విపరీతంగా వేడెక్కింది. ఈ చిప్ ఒక కాలిని 23.4 కిలోహెర్ట్జ్‌లో, రెండో కాలిని 50 హెర్ట్జ్‌లో ఆడిస్తుంది. వేగంగా ఆడేది కొంచెం ఎక్కువ వేడెక్కడం సహజం. ఇక్కడ వేడెక్కింది నిదానంగా ఆడేది. అందులోనూ పై ఫెట్లు మాత్రమే.

స్కోప్‌ను పై ఫెట్ గేటు, సోర్సుల మధ్య పెట్టాను. అర సైకిల్ మొదట్లో 11 వోల్టుల పైన ఉన్న గేటు, బల్లకు ఒక వైపు కాలు విరిగినట్టు వాలుగా దిగుతూ 10 మిల్లీసెకన్ల చివరికి 8 దగ్గరికి వస్తోంది. పై ఫెట్‌ను ఆన్‌లో పట్టి ఉంచేది, కింది ఫెట్ ఆన్ అయినప్పుడల్లా నిండే బూట్‌స్ట్రాప్ కెపాసిటర్. వేగంగా ఆడే కాలిలో అది క్షణక్షణం నిండుతూ ఉంటుంది. 50 హెర్ట్జ్ కాలిలో 10 మిల్లీసెకన్లు తిండి లేకుండా బతకాలి. నేను వేసింది 10 మైక్రోఫారడ్లు. అది చాలాల్సిందే, కానీ ప్రతి ఫెట్ గేటుకూ అలవాటుగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ సోర్సుకు కట్టాను. మూడు కలిపితే 3.3 కిలో ఓమ్‌లు. ఆ కెపాసిటర్‌ను అవే ఖాళీ చేస్తున్నాయి. వాటిని 100 కిలో ఓమ్‌లకు మార్చి, కెపాసిటర్‌ను 22 చేశాను. గీత బల్లపరుపుగా నిలిచింది, కాలు చల్లబడింది. రెండు రోజులు హీట్‌సింక్‌ను అనుమానిస్తూ గడిపిన తర్వాత దొరికిన జవాబిది. ఏ కాలు, పైదా కిందదా అని మొదటి గంటలోనే రాసుకుని ఉంటే అంత టైమ్ పట్టేది కాదు.

బెంచ్ మీద ఫ్రిజ్ ఇరవైసార్లకు ఇరవైసార్లూ లేచింది.

షాపులో మళ్లీ టక్

బిగించిన రోజు మెయిన్ ఆఫ్ చేశాం. ఇన్వర్టర్ ఆన్ అయింది. ఫ్రిజ్ టక్ అంది. షాపాయన నా ముఖం వైపు చూశాడు. నాకు ఒళ్లంతా చెమటలు.

బెంచ్ మీద ఏం తేడా? అక్కడ ఇన్వర్టర్ ముందే నడుస్తూ ఉండగా, చాలాసేపటి నుంచి ఆగి ఉన్న ఫ్రిజ్‌ను ప్లగ్ పెట్టేవాణ్ని. ఇక్కడ నడుస్తున్న కంప్రెసర్ కరెంటు పోగానే ఆగింది. లోపల ఒక వైపు గ్యాస్ ఒత్తిడి ఎక్కువగా, ఇంకో వైపు తక్కువగా ఉంది. అది క్యాపిలరీ గొట్టం గుండా సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. స్టార్టింగ్‌కు వాడే పీటీసీ (వేడెక్కితే రెసిస్టెన్స్ పెరిగే భాగం) కూడా వేడి మీదే ఉంది, చల్లబడితే గానీ మళ్లీ పనిచేయదు. వీటికి తోడు నా చిప్ 3 సెకన్ల సాఫ్ట్ స్టార్ట్‌తో వోల్టేజీని మెల్లగా పెంచుతోంది. ఫెట్లకు మేలు చేసే ఆ సాఫ్ట్ స్టార్టే ఒత్తిడి మీదున్న కంప్రెసర్‌కు అరకొర వోల్టేజీ ఇచ్చి బిగుసుకుపోయేలా చేస్తోంది. ఫ్రిజ్ స్టెబిలైజర్లలో కరెంటు వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి కలిపే ఏర్పాటు ఊరికే పెట్టలేదు.

ఇన్వర్టర్ నిలదొక్కుకున్న నాలుగు నిమిషాలకు ఫ్రిజ్‌ను కలిపే రిలే పెట్టాను. మొదట 555 టైమర్ చిప్‌తో, 1 మెగా ఓమ్, 220 మైక్రోఫారడ్. లెక్క ప్రకారం 242 సెకన్లు. కెపాసిటర్ లీకేజ్ వల్ల ఒక రోజు ఐదు నిమిషాలు, ఒక రోజు ఏడు. దాన్ని తీసేసి, పల్స్‌లను లెక్కపెట్టే సీడీ4060 కౌంటర్ చిప్ వేశాను. 0.1 మైక్రోఫారడ్, 130 కిలో ఓమ్‌లతో 33 హెర్ట్జ్ పుట్టించి, కౌంటర్ చివరి స్టేజీ అవుట్‌పుట్ నుంచి తీసుకుంటే 245 సెకన్లు. లీకేజ్ గొడవ లేదు, రోజూ ఒకటే.

తర్వాత

ఇప్పుడు ఎవరు ఇన్వర్టర్ పని తెచ్చినా ముందు ఫెట్ల గురించి అడగను. లోడ్ ఏమిటి, అది లేచేటప్పుడు ఎంత లాగుతుంది, ఆ సమయంలో బ్యాటరీ ఎంత కిందికి పోతుంది, ఈ మూడూ రాసుకున్నాకే ట్రాన్స్‌ఫార్మర్ కాగితం మొదలుపెడతాను. మోటారు లోడైతే దాన్ని నడుస్తుండగా ఆపి, వెంటనే మళ్లీ ఇచ్చి చూడకుండా పెట్టె బయటికి పంపను. ఆ కుర్రాడు రెండు ఆదివారాలు వచ్చి బెంచ్ మీద కూర్చుని ఈ లెక్కలన్నీ తనే మళ్లీ వేసుకున్నాడు. రెండోసారి వచ్చినప్పుడు ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్ కొనుక్కుని వచ్చాడు.

షాపులో మినిమమ్, మాక్సిమమ్ రెండూ గుర్తుపెట్టుకునే థర్మామీటర్ పెట్టించాను. వానాకాలంలో ఒక రాత్రి ఆరున్నర గంటలు కరెంటు లేదు. పొద్దున షాపాయన ఫొటో పంపాడు. మినిమమ్ 3.4, మాక్సిమమ్ 7.1.

మిగిలిన పని ఒకటుంది. లోడ్ లేనప్పుడు ఈ పెట్టె బ్యాటరీ నుంచి 0.8 ఆంపియర్లు, అంటే 20 వాట్లు తింటుంది. థర్మోస్టాట్ ఆఫ్‌లో ఉన్నంతసేపూ అది వృథానే. ఫ్రిజ్ కరెంటు ఆగినప్పుడు బ్రిడ్జిని నిద్రపుచ్చి, థర్మోస్టాట్ కలిసినప్పుడు లేపే చిన్న సెన్సింగ్ కార్డు సగం టంకం పెట్టి బెంచ్ మీద ఉంది. కష్టమంతా లేపడంలోనే. బ్రిడ్జి నిద్రలో ఉంటే థర్మోస్టాట్ కలిసిందో లేదో తెలియడానికి ఆ లైన్లో ఏదో ఒక చిన్న వోల్టేజీ పారుతూ ఉండాలి.